పోయిన సొమ్ముకు పూచీ ఎవరిది?



పూర్వము దొంగతనమనగా దానికొక ఆనవాలు ఉండెడిది. గోడకు కన్నము పడెడిది. పెట్టె తాళము విరిగెడిది. పెరటిలో కాలిజాడలు మిగిలెడివి. ఇల్లు నిద్రించు వేళ దొంగ వచ్చి పోయినాడని ఊరెల్ల ఒప్పుకొనెడిది. సొమ్ము పోయిన గృహస్థును చూచి జాలిపడువారే కాని నిందించువారు తక్కువ. ఈనాటి దొంగ మన గడప త్రొక్కడు. అతని ముఖమును మనమెరుగము. ఒక్కొక్కప్పుడు అతడున్న దేశమేదో కూడ ఎరుగము. చేతిలోని ఫోను ఒకమారు మ్రోగును. ఖాతానుండి ఇంత సొమ్ము వెడలినదని అందొక సందేశము కనబడును. గోడ గోడగనే ఉండును, తాళము తాళముగనే ఉండును. సొమ్ము మాత్రము ఉండదు.

అప్పుడు ఇంటిలో పుట్టు మొదటి ప్రశ్న ఏది? దొంగ ఎవడని కాదు. "నీవేమి నొక్కితివి? ఎవరితో ఏమి చెప్పితివి?" అని. బ్యాంకునకు పోయినను ఎదురగు ప్రశ్న తరచుగా అదియే. సొమ్ము పోగొట్టుకొన్నవాడే ముద్దాయివలె నిలువవలసి వచ్చుచున్నది. దొంగ దొరికి, అపహరించిన ధనమును కక్కినచో చిక్కులేదు. అతడు దొరకనప్పుడే చిక్కు. బ్యాంకు కార్డులద్వారా, ఫోనులపై జరుగు చెల్లింపులద్వారా పోయిన సొమ్మునకు నష్టము భరింపవలసినవారెవరు? ఖాతాదారా, బ్యాంకా, వీరి నడుమనున్న తక్కిన సంస్థలా? నేటి ప్రసంగములో విచారింపదలచినది ఈ ప్రశ్ననే.

ప్రశ్న పైకి క్రొత్తదిగా కనబడును గాని, దీని మూలము పాతది. మనము బ్యాంకులో వేసిన సొమ్ము న్యాయశాస్త్రరీత్యా మనము బ్యాంకునకిచ్చిన అప్పు. బ్యాంకు బాకీదారు; మనము ఋణదాతలము. పల్లెలో ఒక రైతు నోటు వ్రాయించుకొని పొరుగువానికి అప్పిచ్చినాడనుకొనుడు. ఆ రైతు పంపినాడని చెప్పి వేరొకడు వచ్చి, బాకీదారునొద్ద సొమ్ము పుచ్చుకొని పోయినాడు. బాకీ తీరినదా? తీరలేదు. "నేను మోసపోయితిని" అని బాకీదారు ఎంత మొరపెట్టుకొన్నను, అసలు ఋణదాతకు మరల చెల్లింపక తప్పదు. మోసపోయినది ఎవరో వారిదే నష్టము. ఇది మన పెద్దలకు తెలిసిన న్యాయమే.

చెక్కు విషయములోను ఇదే న్యాయము. దొంగ సంతకముతో వచ్చిన చెక్కు పేరునకే చెక్కు. ఖాతాదారుని ఆజ్ఞ అందు లేదు. మన సుప్రీంకోర్టు 1987లో ఇట్టి వివాదమొకటి తీర్చినది. ఒక వ్యాపారసంస్థలో లెక్కలు వ్రాయు ఉద్యోగి, సంతకము చేయు అధికారముగల డైరెక్టరు సంతకమును ఫోర్జరీ చేసి, 42 చెక్కులపై సొమ్ము తీసినాడు. "మేము లెక్కలు ఎప్పటికప్పుడు పంపితిమి, సంస్థవారు వానిని చూచుకొని ఆక్షేపింపలేదు, కావున తప్పు వారిదే" అని బ్యాంకు వాదించినది. న్యాయస్థానము ఆ వాదమునంగీకరింపలేదు. లెక్క చూచుకొనకపోవుట ఒకటి, సొమ్ము తీయుమని ఆజ్ఞాపించుట మరియొకటి. మొదటిది జరిగినంతమాత్రమున రెండవది జరిగినట్లు కాదు. ఫోర్జరీ చెక్కుపై చెల్లించిన బ్యాంకే ఆ నష్టమును భరింపవలెనని తీర్పు వచ్చినది.

ఇంత స్పష్టమైన న్యాయము కార్డులు వచ్చిన తరువాత ఎందుకు మసకబారినది? కారణము సంతకమునకును రహస్యసంఖ్యకును గల భేదములో ఉన్నది. ఇద్దరి చేతివ్రాత అచ్చముగా ఒక్కతీరున ఉండదు. బ్యాంకు ఉద్యోగి తన వద్దనున్న నమూనా సంతకముతో చెక్కుపై సంతకమును పోల్చి చూచును. పోల్చుట అతని పని గనుక, పొరపాటు పడినచో అతనిదే బాధ్యత. పిన్ అను నాలుగంకెల సంఖ్య అట్టిది కాదు. ఎవరు నొక్కినను 4 నాలుగే, 7 ఏడే. యంత్రమునకు మనిషి తెలియడు, అంకె మాత్రమే తెలియును. అందుచేత బ్యాంకుల నోట క్రొత్తవాదమొకటి వచ్చినది: "మీ పిన్ సరిగా పడినది. కావున సొమ్ము మీరే తీసియుండవలెను, లేదా మీ పిన్‌ను మీరే ఎవరికో చెప్పియుండవలెను." ఈ ఒక్క మాటతో రుజువు చేయు భారము బ్యాంకు బల్ల మీదినుండి ఖాతాదారుని తలపైకి మారినది. చాలచోట్ల ఏ శాసనసభయు ఈ మార్పును చర్చించి నిర్ణయింపలేదు. యంత్రముతోపాటు అది దానంతట అదే వచ్చి చేరినది.

ఈ విషయమున రెండు దేశములు రెండు త్రోవలు పట్టినవి. అమెరికాలో 1978లోనే ఎలక్ట్రానిక్ పద్ధతిని జరుగు సొమ్ము బదిలీలకు ప్రత్యేకశాసనమొకటి చేసిరి. కార్డు పోయినదని తెలిసిన రెండు పనిదినములలో తెలియజేసిన ఖాతాదారుని బాధ్యత 50 డాలర్లకు మించరాదని అందు విధించిరి. 1980లో న్యూయార్కు న్యాయస్థానమొకదాని యెదుటకు ఒక ఖాతాదారు వచ్చినది. యంత్రమునుండి సొమ్ము తీసినట్లు బ్యాంకు చూపుచున్న వేళలలో తాను ఉద్యోగములో ఉన్నట్లు ఆమె రుజువు చూపినది. బ్యాంకు తన యంత్రము ముద్రించిన కాగితమును చూపినది. న్యాయమూర్తి ఆమె మాటనే నమ్మెను.

ఇంగ్లండులో కథ వేరు. అక్కడి బ్యాంకులు చాలకాలము తమ యంత్రములు పొరపడజాలవని చెప్పుచు వచ్చినవి. తన ఖాతాలో సొమ్ము పోయినదని ఫిర్యాదు చేసిన ఒక పోలీసు ఉద్యోగిపైననే మోసము నేరమును మోపి శిక్ష విధించిరి. 1996లో అప్పీలులో గాని అతడు నిర్దోషిగా బయటపడలేదు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు చెందిన రాస్ ఆండర్సన్ అను పండితుడు ఇట్టి ఫిర్యాదులను పరిశీలించి 1993లో ఒక వ్యాసము ప్రకటించినాడు. గణితశాస్త్ర చాతుర్యముతో రహస్యలిపిని ఛేదించినందువలన పోయిన సొమ్ము తక్కువయనియు, బ్యాంకుల లోపలి నిర్వహణలోని అలసత్వము వలనను, సిబ్బందిలోని దుర్మార్గుల వలనను పోయినదే ఎక్కువయనియు ఆయన చూపెను. నష్టము తమపై పడు అమెరికా బ్యాంకులు జాగ్రత్త వహించినవి. నష్టమును ఖాతాదారుపై త్రోయగల ఇంగ్లండు బ్యాంకులు ఏమరి ఉండినవి. తాళము బాగుచేయు శక్తి ఒకరిదై, తాళము విరిగిన నష్టము వేరొకరిదైనప్పుడు ఆ తాళము ఎన్నటికిని బాగుపడదు.

నా ప్రసంగమునకు ఆధారమైన సూత్రమిదియే. కీడును ఆపగల శక్తి ఎవరి చేతిలో ఎంత ఉన్నదో, నష్టములో వారి భాగమును అంత ఉండవలెను. ధాన్యమును గిడ్డంగిలో నిలువచేసిన రైతు గిడ్డంగి పైకప్పు కారుచున్నదో లేదో రాత్రులు కావలికాయలేడు. రసీదును భద్రపరచుకొనుట అతని విధి. పైకప్పు బాగుచేయుట గిడ్డంగివాని విధి.

మన దేశములో ఈ సూత్రము అవసరమెంతటిదో 2016 అక్టోబరులో తెలియవచ్చినది. ఏటీఎం యంత్రముల లావాదేవీలు నడుపు ఒక సంస్థ కంప్యూటర్లలోనికి దుష్టప్రోగ్రామొకటి చొరబడినందున, పలు బ్యాంకులకు చెందిన సుమారు 32 లక్షల డెబిట్ కార్డుల వివరములు ప్రమాదములో పడినవని వెల్లడి అయినది. బ్యాంకులు లక్షలకొలది కార్డులను రద్దుచేసి క్రొత్తవి ఇవ్వవలసి వచ్చెను. ఆ కార్డులు గలవారు ఎవరికిని పిన్ చెప్పలేదు. ఏ మాయసందేశమును నొక్కలేదు. మామూలుగా ఏటీఎమునకు పోయి సొమ్ము తీసికొని ఇంటికి వచ్చిరి, అంతే. ఇట్టిచోట "నీవేమి చేసితివి?" అను ప్రశ్నకు అర్థమే లేదు.

తరువాతి సంవత్సరము, 2017 జూలై 6న, రిజర్వు బ్యాంకు ఒక ఉత్తరువు వెలువరించినది. ఖాతాదారుని అనుమతి లేక జరిగిన ఎలక్ట్రానిక్ లావాదేవీలలో ఎవరి బాధ్యత ఎంత అనునది అందు విభజింపబడినది. ప్రతి గృహస్థును తెలిసికొనదగిన విషయము గనుక కొంచెము వివరముగా చెప్పెదను.

మొదటి తరగతి: లోపము బ్యాంకుదైనప్పుడు. అట్టి సందర్భమున ఖాతాదారుపై ఏమియు బాధ్యత లేదు. అతడు ఫిర్యాదు చేసినను చేయకున్నను ఇదే నియమము. రెండవ తరగతి: లోపము బ్యాంకుది కాదు, ఖాతాదారుది కాదు, నడుమ వ్యవస్థలో ఎక్కడనో ఉన్నది. ఇందు కాలము ముఖ్యము. బ్యాంకునుండి సందేశము అందిన తరువాత మూడు పనిదినములలో తెలియజేసినచో ఖాతాదారుని నష్టము సున్న. నాలుగు మొదలు ఏడు పనిదినములలో తెలియజేసినచో నష్టములో కొంతభాగము అతనిపై పడును. దానికిని హద్దులున్నవి: కనీస సౌకర్యములుగల సాదాఖాతాకు 5,000 రూపాయలు, సాధారణ సేవింగ్సు ఖాతాకు 10,000, పెద్ద కరెంటు ఖాతాలకును 5 లక్షలకు మించిన పరిమితిగల క్రెడిట్ కార్డులకును 25,000. ఏడు దినములు దాటినచో ఆ బ్యాంకు పాలకవర్గము ఏర్పరచుకొన్న విధానము ననుసరించి నిర్ణయము జరుగును. మూడవ తరగతి: ఖాతాదారు తన రహస్యసంఖ్యను తానే ఇతరులకు తెలిపినప్పుడు. బ్యాంకునకు తెలియజేయువరకు పోయిన సొమ్మంతయు అతని నష్టము. తెలియజేసిన తరువాత పోయినది బ్యాంకు నష్టము.

ఆ ఉత్తరువులో అన్నిటికంటె విలువైన వాక్యము వేరొకటి కలదు. ఖాతాదారుని బాధ్యత ఉన్నదని రుజువు చేయు భారము బ్యాంకుదే అని అందు స్పష్టముగా వ్రాసిరి. ఖాతాదారు తన నిర్దోషిత్వమును నిరూపించుకొననక్కరలేదు. ఫిర్యాదు అందిన పది పనిదినములలో వివాదములోనున్న సొమ్మును ఖాతాలో తాత్కాలికముగా జమ చేయవలెననియు, 90 దినములలో విషయము తేల్చవలెననియు కూడ విధించిరి. ఇట్టి నియమములు కాలానుగుణముగా సవరింపబడుచుండును గాన, నేటి హద్దులెంతయో మీ బ్యాంకులో విచారించి వ్రాసి ఉంచుకొనుట మేలు. హద్దులు మారవచ్చును గాని, వెంటనే చెప్పినవానికి రక్షణ హెచ్చు, ఆలస్యము చేసినవానికి తక్కువ, అను భావమును మాత్రము మరువరాదు.

న్యాయస్థానములును ఈ త్రోవనే నడచినవి. తన ఖాతానుండి అనుమతి లేక సొమ్ము తీయబడిన ఒక ఖాతాదారు వ్యాజ్యములో, హెచ్చరిక సందేశములు పంపినను అతడు స్పందింపలేదని బ్యాంకు వాదించినది. సందేశమునకు బదులు చెప్పలేదన్నంత మాత్రమున బ్యాంకు తన బాధ్యతనుండి తప్పించుకొనజాలదని 2019లో కేరళ హైకోర్టు చెప్పినది. 1987లో పాతలెక్కల కాగితములను గురించి చెప్పిన న్యాయమునే ఈనాటి సందేశమునకును అన్వయించినట్లయినది. 2025 జనవరిలో సుప్రీంకోర్టు మరియొక వ్యవహారము చూచినది. ఆన్‌లైనులో కొన్న వస్త్రమును తిరిగి ఇచ్చివేయదలచిన ఒకనికి, ఆ అంగడి సేవకులమని చెప్పి మోసగాండ్రు ఫోను చేసి, ఒక యాప్‌ను ఫోనులో చేర్పించి, 94 వేల రూపాయలకు పైగా తీసివేసిరి. అతడు 24 గంటలలోగా బ్యాంకునకు తెలియజేసెను. ఆ సొమ్ము బ్యాంకే ఇవ్వవలెనని గౌహతి హైకోర్టు ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు నిలిపినది. మోసములను పసిగట్టు ఉత్తమ సాధనములు నేడు బ్యాంకులకు అందుబాటులో ఉన్నవని గుర్తుచేసినది. అదే నోట, ఖాతాదారులు ఒ.టి.పి.ని ఇతరులకు చెప్పరాదని కూడ హెచ్చరించినది. ఈ రెండు మాటలను కలిపియే వినవలెను.

ఇక కష్టమైన భాగమునకు వత్తము. ఖాతాదారే మోసపోయి తన చేతితో తానే సొమ్ము పంపినప్పుడు ఏమి చేయవలెను? పోలీసు అధికారులమని బెదరించినప్పుడు, కరెంటు తీసివేయుదుమన్నప్పుడు, పింఛను ఆగిపోవునన్నప్పుడు, వృద్ధులే కాదు, చదువుకొన్నవారును తడబడుచున్నారు. ఆ మాటలు ఇంగ్లీషులో కాదు, చక్కని తెలుగులో, "అమ్మా", "బాబాయిగారూ" అను పిలుపులతో వచ్చుచున్నవి.

బ్యాంకుల వాదమును న్యాయముగా వినవలెను. "ఖాతాదారు తానే అంకె చెప్పినను, తానే పంపినను మేమే ఇచ్చుకొనవలెనన్నచో, ఇక జాగ్రత్త ఎవరు పడుదురు? మోసపోయితినని అబద్ధమాడువారు బయలుదేరరా? మేమిచ్చు సొమ్ము చివరకు తక్కిన ఖాతాదారుల వద్దనుండియే రావలెను గదా?" అని వారందురు. ఇందు సత్యము లేకపోలేదు. తాళపుచెవి ఒప్పగించిన గృహస్థు కావలివాని నొక్కనినే నిందింపరాదు.

కాని ఆ సొమ్ము నడచిన త్రోవను ఒకమారు చూడుడు. ఇరువదియేండ్లుగా నెలకు నాలుగైదు వేలకు మించి తీయని ఒక విశ్రాంత ఉపాధ్యాయుని ఖాతా ఉన్నదనుకొందము. ఒకనాటి మధ్యాహ్నము అందులోనుండి గంటలోపల మూడు లక్షలు ముందెన్నడును పేరైన వినని ఖాతాలకు పోయినవి. ఆ ఇరువదియేండ్ల లెక్కయు బ్యాంకు కంప్యూటరులోనే ఉన్నది. ఈ వింతను గుర్తింపగలది అది కాక మరెవరు? సొమ్ము చేరిన ఖాతాలో? అది కమీషనునకు ఆశపడి ఎవరో కూలియో, విద్యార్థియో అద్దెకిచ్చిన ఖాతా కావచ్చును. దానిని తెరచునప్పుడు ఆనవాళ్లు చూడవలసినది ఆ రెండవ బ్యాంకు. మోసగాని చేతిలోని సిమ్ కార్డు? దానినిచ్చునప్పుడు మనిషిని విచారింపవలసినది టెలిఫోను కంపెనీ. ఈ త్రోవలో ఖాతాదారు నిలిచిన చోటు ఒక్కటియే. తక్కిన ద్వారములన్నిటి వద్దను జీతముపై నిలిచిన కావలివారున్నారు. అన్ని ద్వారములు దాటి దొంగ పోయిన తరువాత, మొదటి ద్వారము వద్దనున్న వృద్ధుని ఒక్కనినే దోషిగా నిలుపుట న్యాయము కాదు.

ఇతరదేశములు దీనిని గుర్తింప మొదలిడినవి. బ్రిటనులో 2024 అక్టోబరు 7 నుండి, మోసగాని మాట నమ్మి తానే సొమ్ము పంపిన ఖాతాదారునకును 85,000 పౌండ్ల హద్దువరకు పరిహారము చెల్లించు నియమము అమలులోనికి వచ్చినది. ఆ నష్టమును పంపిన బ్యాంకును, అందుకొన్న బ్యాంకును చెరిసగము పంచుకొనవలెను. సింగపూరులో 2024 డిసెంబరు 16 నుండి కొన్ని తరహాల మోసములలో బ్యాంకులకే గాక టెలిఫోను కంపెనీలకును విధులు నిర్ణయించి, విధి తప్పినవారు నష్టము పూడ్చవలెనని ఏర్పాటుచేసిరి. మన దేశపు స్థితి వేరు, జనసంఖ్య వేరు. వారి నియమములను యథాతథముగా దించుకొనవలెనని నేననను. కాని బాధ్యత ఒకే తలపై పెట్టదగిన మూట కాదనియు, పంచుకొనదగిన బరువనియు వారు గ్రహించిన సత్యము మనకును వర్తించును.

మన దేశములోను పని జరుగకపోలేదు. ఆన్‌లైనులో కార్డుతో చెల్లించునప్పుడు కార్డు మీది అంకెలతోపాటు రెండవ ఆనవాలు కూడ ఉండవలెనని 2009లోనే రిజర్వు బ్యాంకు విధించినది. సులభముగా నకలు చేయదగిన నల్లగీత కార్డుల స్థానమున చిప్పు కార్డులు ఇచ్చుటకు 2018 డిసెంబరు 31ని గడువుగా పెట్టిరి. కార్డును ఏ పనికి తెరవవలెనో, ఏ పనికి మూయవలెనో ఖాతాదారే నిర్ణయించుకొను సౌకర్యము 2020లో వచ్చినది. దుకాణములు మన కార్డు అంకెలను తమ వద్ద దాచుకొనరాదను నిబంధన 2022 అక్టోబరు 1 నుండి అమలుపరచిరి. తాము విధించిన తనిఖీలు పాటింపక సాగించిన లావాదేవీవలన కలిగిన నష్టమును సంస్థయే పూర్తిగా పూడ్చవలెనని 2025 సెప్టెంబరులో వెలువడిన నిర్దేశములలో చేర్చిరి. ఈ మార్పులన్నిటిలో ఒక పోలిక ఉన్నది. "జాగ్రత్తగా ఉండుడు" అని ప్రజలకు చెప్పి ఊరకుండక, తాళమునే బాగుచేసినవి ఇవి. తాళము గట్టిపడినందుననే దొంగ నేడు తాళమును వదలి మనిషి మనస్సును పట్టుకొనుచున్నాడు.

కనుక ఖాతాదారు చేయవలసినదేమి? అతని విధులు కొద్ది. ఆ కొద్దియు విడువరానివి. పిన్‌ను, ఒ.టి.పి.ని ఎవరికిని చెప్పరాదు, బ్యాంకువారమన్నను చెప్పరాదు. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ అక్కరలేదు. మీకు సొమ్ము పంపెదము, పిన్ నొక్కుడు అన్నవాడు దొంగయే. "డిజిటల్ అరెస్టు" అనునది మన చట్టములో ఎక్కడను లేదు. ఫోనులో నిర్బంధించు పోలీసు లేడు. మన ఖాతాను పరులకు అద్దెకీయరాదు. మన పిల్లలు కాలేజీ స్నేహితుల మాట విని అట్లు చేయకుండ చూచుకొనవలెను.

తెలుగు గృహములలో ఒక విషయము ప్రత్యేకముగా గమనింపదగియున్నది. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండగా, తల్లిదండ్రులు ఊరిలో ఉన్న ఇండ్లు అనేకము. సౌకర్యము కొరకని పెద్దల ఖాతాకు కుమారుని ఫోను నంబరును జతచేయుదురు. ఇక్కడ పగలు సొమ్ము పోయిన సందేశము అక్కడ అర్ధరాత్రి నిద్రించుచున్న కుమారునికి చేరును. సందేశము చేరినప్పటినుండియే గడువు లెక్క నడచును. అందుచేత ఖాతాకు జతచేసిన నంబరు, ఆ ఖాతా వాడువారి చేతిలోనే ఉండుట శ్రేయస్కరము.

సొమ్ము పోయినదని తెలిసిన తక్షణమే 1930 అను నంబరునకు ఫోను చేయవలెను. సొమ్ము ఇంకను బ్యాంకుల నడుమనే తిరుగుచున్నచో దానిని ఎక్కడికక్కడ నిలుపుటకు ఆ ఏర్పాటు చేసినారు. మొదటి గంటలో చెప్పినదానికి, మరునాడు చెప్పినదానికి చాల వ్యత్యాసమున్నది. ఇట్లు నిలిపిన సొమ్మును తెలంగాణలో 2024లో లోక్ అదాలతుల ద్వారా బాధితులకు తిరిగి ఇప్పించిరి. వెంటనే బ్యాంకునకును తెలిపి, కార్డును నిలుపుదల చేయించి, ఫిర్యాదు సంఖ్యను, తేదీని, వేళను కాగితముపై వ్రాసికొనవలెను. నోటిమాట నిలువదు, ఆ సంఖ్యయే రేపటి సాక్ష్యము. బ్యాంకు 30 దినములలో సరియైన సమాధానమీయనిచో రిజర్వు బ్యాంకు ఓంబుడ్స్‌మనునకు చెప్పుకొనవచ్చును. దానికి రుసుము లేదు. ప్లీడరు అవసరము లేదు.

అయినను నియమములన్నియు తెలిసియు సొమ్ము పోగొట్టుకొనుచున్న ఇండ్లున్నవి. దానికి కారణము అజ్ఞానము కాదు, సిగ్గు. మోసపోయితినని చెప్పుకొన్నచో కోడలు ఏమనునో, కుమారుడు కసరునో, వీధిలో నలుగురు నవ్వుదురో యని పెద్దవారు వార్తను కడుపులో దాచుకొందురు. ఒకనాడు, రెండునాళ్లు గడచును. మూడు పనిదినముల గడువు ఆ మౌనములోనే కరగిపోవును. దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగినట్లు, చివరకు ఎప్పుడో విషయము బయటపడును. అప్పటికి సొమ్మును పట్టుటకు త్రోవ ఉండదు, చట్టమిచ్చిన రక్షణ కూడ సన్నగిల్లును. దొంగకు ఇంతకంటె మేలుచేయు మిత్రుడు లేడు.

కావున గృహస్థులకు, ముఖ్యముగా యువకులకు, నేనొక మాట మనవి చేయుచున్నాను. మీ ఇంటిలో పెద్దవారెవరైన ఇట్టి వార్తతో మీయెదుటకు వచ్చినప్పుడు "ఏల నొక్కితివి?" అని అడుగకుడు. "ఎంతసేపైనది?" అని అడిగి ఫోను చేతికి తీసికొనుడు. తప్పెంత, ఒప్పెంత అను విచారణకు తరువాత కావలసినంత కాలమున్నది. పోవుచున్న సొమ్మునకు లేదు.

పోయిన సొమ్ముకు పూచీ ఎవరిదను ప్రశ్నకు నా సమాధానమిది. వ్యవస్థను నిర్మించి, నడపి, దానివలన లాభము పొందువారిదే పెద్దభాగము. వారి చేతిలోనే తాళములు, లెక్కలు, కావలివారు ఉన్నారు. రహస్యమును కాచుట, సొమ్ము పోయినచో వెంటనే చెప్పుట, ఈ రెండే ఖాతాదారుని భాగము. తన భాగమును నెరవేర్చిన ఖాతాదారు బ్యాంకు బల్ల యెదుట దోషివలె తలవంచనక్కరలేదు. మొదటినుండి అతడు ఋణదాత. తన బాకీని తాను అడుగుచున్నాడు.